యూరిన్ సంచి వంకాయ రంగుకు తిరిగింది, నింద నా మీదికొచ్చింది

ప్రశ్న

చండూరు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు, రెండు వైపులా రాసి ఉంది. పేరు, ఊరు వేయొద్దన్నారు. అందుకని గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 36 ఏళ్లు. భర్త మగ్గం నేస్తారు. ఈమె నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోస్తారు, రంగు అద్దే ముందు దానికి చిటికి (ముడులు) కడతారు. ఇద్దరు పిల్లలు. అత్తగారికి 74. సంక్రాంతి వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చి ఆమెకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నల్లగొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంచుకుని, మూత్రం పైపుతోనే ఇంటికి పంపారు. ఐదు నెలలైంది. పైపు అలాగే ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నెలకో నెలన్నరకో వచ్చి మారుస్తున్నాడు. పైపు పక్క నుంచి తడి కారుతోందంటే రెండుసార్లు ఇంకా లావు పైపు వేశాడు. అత్తగారికి నాలుగైదు రోజులకోసారి గానీ విరేచనం కాదు.

పదిహేను రోజుల కింద పొద్దున్నే లేచి చూస్తే మంచం కోడుకు కట్టిన యూరిన్ సంచి "అల్లనేరేడు పండ్లు పిసికి పోసినట్టు" ఉందట. పక్కింటివాళ్లు వచ్చి చూశారు. ఎవరో ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మధ్యాహ్నానికల్లా హైదరాబాద్ నుంచి భర్త అక్క దిగింది. వాకిట్లో చెప్పులు విడవకుండానే "మా అమ్మకు ఏం తాపినవ్?" అని అడిగింది. అదే గదిలో నూలుకు వేసే రంగు డబ్బాలున్నాయి. వదిన వాటి వంక చూసింది, తర్వాత ఈమె చేతుల వంక చూసింది. ఆ రోజు ఎర్ర రంగు అద్దారు, గోళ్లలో మరక ఉంది. ఇంకొకరు బాణామతి అన్నారు. ఆర్‌ఎంపీ వచ్చి "కిడ్నీలు ఖరాబైనట్టున్నయ్" అన్నాడు. భర్త ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) 0.9 వచ్చింది, అంటే మామూలుగానే ఉంది. జ్వరం లేదు. అయినా వదిన తగ్గలేదు. పైపు పీకేయాలంటుంది, లేదంటే అమ్మను తీసుకుపోతానంటుంది. ఊళ్లో ఆడవాళ్లు ఈమె ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగడం లేదట.

ఐదో పేజీలో, కలం మార్చి రాసిన ఒక సంగతి ఉంది. రంగు మారడానికి వారం ముందు, రాత్రి ఒక్కతే పక్కబట్ట మారుస్తూ అత్తగారిని అటు పక్కకు తిప్పారు. సంచి మంచం కోడుకు కట్టి ఉన్న సంగతి మరిచిపోయారు. పైపు బలంగా గుంజుకుంది. పెద్దావిడ కేక పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం దాకా మూత్రం ఎర్రగా వచ్చి తర్వాత తేటపడింది. ఇది భర్తకు కూడా చెప్పలేదు.

"రంగు మారింది నా వల్లనేనా? పైపు తీసెయ్యాల్నా, ఉంచాల్నా? ఆ రాత్రి సంగతి చెప్పాల్నా, చెప్తే నన్ను బతకనిస్తరా? మా వదినకు నేనేం జవాబు చెప్పాలె?" అని అడిగారు.

సమాధానం

అమ్మా, ముందు రంగు సంగతి తేల్చేద్దాం. మిగతా గొడవంతా దాని మీదే నిలబడి ఉంది.

నేను ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో సిస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇట్లాంటి సంచిని మొదటిసారి చూసినప్పుడు నేనూ భయపడ్డాను. ఆయమ్మ పరుగెత్తుకొచ్చి "సిస్టరమ్మా, ఎవరో సంచిలో సిరా పోసిన్రు" అంది. డ్యూటీ డాక్టరుకూ తెలియలేదు. పెద్ద డాక్టరు రౌండ్లకొచ్చి, చూసి, నవ్వి, "ఈవిడకు విరేచనం అయి ఎన్ని రోజులైంది?" అని అడిగారు. సంచి రంగుకూ విరేచనానికీ ఏం సంబంధమో నాకు ఆ రోజే తెలిసింది.

మనం తినే పప్పు, పాలు, గుడ్డు వంటివాటిలో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. పేగుల్లో మలం రోజుల తరబడి నిలిచిపోతే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇండోల్‌గా మారుస్తాయి. అది రక్తంలో చేరుతుంది, కాలేయం దాన్ని ఇంకో రూపంలోకి మార్చి మూత్రంలోకి పంపిస్తుంది. ఇంతవరకు రంగేమీ ఉండదు. చాలా రోజులుగా పైపు ఉన్నవాళ్ల మూత్రంలో క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ప్రావిడెన్సియా లాంటి బ్యాక్టీరియా చేరి ఉంటుంది. వాటిలో కొన్ని ఆ పదార్థాన్ని మళ్లీ విడగొడతాయి. దానికి గాలి తగిలి రెండు రంగులు పుడతాయి. ఒకటి ఇండిగో, ఇంకోటి ఇండిరుబిన్.

ఇండిగో అంటే మీకు కొత్త కాదు. నీలిమందు. బాన నుంచి తీసినప్పుడు నూలు పచ్చగా ఉండి, గాలి తగలగానే కళ్లముందే నీలంగా తిరుగుతుంది చూడండి, సంచిలోనూ జరిగేది దాదాపు అదే. ఇండిరుబిన్ ఎర్రది. నీలం, ఎరుపు కలిస్తే ఏ రంగు వస్తుందో రంగులద్దే ఇంట్లో ఉన్న మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. కాబట్టి మీ వదినగారు "రంగు" అన్నమాట ఒక లెక్కన నిజమే. కాకపోతే అది మీ డబ్బాల్లోంచి రాలేదు, మీ అత్తగారి ఒంట్లోనే తయారైంది.

దీన్ని డాక్టర్లు పర్పుల్ యూరిన్ బ్యాగ్ సిండ్రోమ్ అంటారు. 1978 నుంచే వైద్య పత్రికల్లో దీని గురించి రాస్తున్నారు. ఎక్కువగా ఎవరికి వస్తుందో చూడండి. పెద్ద వయసు, ఆడవాళ్లు, మంచం పట్టినవాళ్లు, నెలల తరబడి పైపు ఉన్నవాళ్లు, మలబద్ధకం ఉన్నవాళ్లు. మీరు ఎవరి గురించి రాశారో వాళ్ల గురించే చెప్పినట్టు లేదూ? ఉత్తరం చదివి రోగం ఖాయం చేయడం తప్పు, డాక్టరు కళ్లతో చూడాలి. కానీ మీరు రాసిన గుర్తులన్నీ దీనికే సరిపోతున్నాయి.

మీ ఇంట్లోనే ఒక పని చేసి చూడొచ్చు, మీ వదినగారి ముందే చేయండి. సంచి కింది కొళాయి తిప్పి మూత్రాన్ని తెల్లటి గాజు సీసాలోకి పట్టండి. ఈ మార్పులో తరచుగా రంగు సంచి ప్లాస్టిక్‌కూ గొట్టానికీ పట్టుకుంటుంది, సీసాలోని మూత్రం అంత వంకాయ రంగులో ఉండదు, పసుపుగానో మడ్డిగానో కనిపిస్తుంది. ఎవరైనా రంగు తాగించి ఉంటే పెదవులో, నాలుకో, దిండుగుడ్డో ఎక్కడో ఒకచోట మరక ఉండాలి కదా. అట్లాంటిదేమీ మీరు రాయలేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. పైపు గుంజుకున్నందుకు రంగు మారలేదు. అది వేరు, ఇది వేరు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినందుకు మీ మనసులో రెండూ ముడిపడ్డాయి, అంతే.

కానీ ఆ రాత్రి జరిగినదాన్ని తీసిపారేయను.

పైపు జారిపోకుండా మూత్రాశయంలో చిన్న బెలూన్ ఉంటుంది. మామూలుగా అందులో పది మిల్లీలీటర్ల నీళ్లు నింపుతారు. అంటే ఉసిరికాయంత గుండ్రటి వస్తువు లోపలుంది, దాని దారి మాత్రం పెన్సిలంత. బలంగా గుంజుకుంటే బెలూన్ ఆ దారి మొదట్లో ఇరుక్కుని లోపలి పొర చీరుతుంది, రక్తం వస్తుంది. చాలామందికి అది ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మీ అత్తగారికి తగ్గినట్టే ఉంది. అయితే కొందరిలో బెలూన్ దారిలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మూత్రం సరిగ్గా దిగదు, పక్క నుంచి కారుతుంది, బొడ్డు కింద ఉబ్బుతుంది. అందుకని డాక్టరుకు ఈ సంగతి తెలియాలి. ఒక స్కాన్ తీస్తే బెలూన్ ఎక్కడుందో కనిపిస్తుంది.

చెప్పాలా వద్దా అన్న దగ్గర మీరు ఆగిపోయారు. నా సంగతి ఒకటి చెప్తాను.

డ్యూటీలో చేరిన రెండో ఏడు. ఒక పెద్దాయనకు మూత్రం ఆగిపోయి కడుపు బిగుసుకుపోయింది. పైపు వేస్తున్నాను. లోపలికి వెళ్లింది గానీ మూత్రం రాలేదు. జెల్లీ అడ్డుపడిందేమో, వస్తుందిలే అనుకుని బెలూన్ నింపేశాను. పైపు రెండు పాయలుగా చీలే కొస దాకా పంపాలి, మూత్రం కళ్లారా చూడాలి, ఆ తర్వాతే నింపాలి. పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను కూడా. ఆ రాత్రి నాకు తొందర. సిరంజి సగం నొక్కేసరికి ఆయన రెండు చేతులతో మంచం పట్టీ పట్టుకున్నాడు. నోటితో ఏమీ అనలేదు. తర్వాత రక్తం చూశాను. బెలూన్ మూత్రాశయంలో కాదు, దారిలోనే నిండింది.

డ్యూటీ డాక్టరుకు చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయన నన్ను తిట్టారు. కానీ నేను చెప్పబట్టే, ఇంకోసారి గుడ్డిగా పైపు తోయకుండా బొడ్డు కింద నుంచి చిన్న గొట్టం వేసి మూత్రం తీశారు. నాలుగు నెలల తర్వాత పెద్దాయనకు ధార సన్నబడింది, దారి ఇరుకైందని తేలింది. ముందు దెబ్బ తగిలిన సంగతి కేసు షీటులో రాసి ఉంది కాబట్టి కారణం కోసం వెతకాల్సిన పని పడలేదు. నేను నోరు మూసుకుని ఉంటే నా ఉద్యోగానికి ఏమీ అయ్యేది కాదు, ఆయనకు మాత్రం అయ్యేది.

కాబట్టి నా మాట ఇది. డాక్టరుకు చెప్పడం వేరు, పదిమందిలో చెప్పడం వేరు. ఆ రెంటినీ మీరు ఒకటే అనుకుని భయపడుతున్నారు. డాక్టరుకు చెప్పేది రెండు ముక్కలు: "ఇరవై రోజుల కింద పక్కబట్ట మార్చేటప్పుడు పైపు గుంజుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎర్రగా వచ్చి తగ్గింది." తేదీ సరిగ్గా లెక్కేసి చెప్పండి. ఏడుపు, సంజాయిషీ అక్కర్లేదు. ఇంట్లో ఒక్క మనిషి చేత్తో మంచం పట్టినవాళ్లను తిప్పే ప్రతి ఇంటా ఇది జరుగుతుంది, డాక్టర్లకు తెలుసు.

మీ భర్తకు ఆస్పత్రికి వెళ్లే ముందే చెప్పొచ్చు. అట్లా చేస్తే ఆయన ఒక రాత్రి ముఖం మాడ్చుకోవచ్చు, కానీ డాక్టరు ముందు మొదటిసారి వినే పరిస్థితి రాదు. చెప్పకుండా డాక్టరుకే చెప్తే, గదిలో ఆయన పక్కనే ఉంటారు, ఎలాగూ వింటారు. నాకైతే ముందు చెప్పడమే మేలనిపిస్తోంది. ఆయన మౌనం నాకు నచ్చలేదు, అది దాచను. అయినా అక్కకూ భార్యకూ మధ్య నిలబడి ఏం మాట్లాడాలో తెలియని మనిషిలా కనిపిస్తున్నారు గానీ మిమ్మల్ని అనుమానించిన మనిషిలా కాదు. రక్తపరీక్షకు తీసుకుపోయింది ఆయనే అని రాశారుగా.

వదినగారికి ఇప్పుడే చెప్పాలని నేను అనను. రంగు మీద నింద తొలగక ముందు చెప్తే రెండూ కలిపేస్తుంది, "చూసిన్రా, నేను చెప్పలే?" అంటుంది. డాక్టరు రంగు సంగతి చెప్పాక, ఆ కాయితం చేతిలో ఉన్నాక చెప్తే బరువు వేరుగా ఉంటుంది. అసలు చెప్పకపోయినా పాపం కాదు. అయితే ఎప్పుడో ఎవరి నోటో బయటపడితే "దాచింది" అన్న మాట మళ్లీ మొదలవుతుంది. ఆ లెక్క మీరే వేసుకోవాలి.

ఇప్పుడు పైపు సంగతి.

మీ వదినగారు పీకేయమంటున్నారు. ఎవరూ చెయ్యి వేయొద్దు. బెలూన్ నీళ్లు తీయకుండా లాగితే ఆ రాత్రి జరిగినదానికి పదింతలవుతుంది. కొందరు కత్తెరతో పైపు కత్తిరిస్తే నీళ్లు కారిపోతాయనుకుంటారు, అదీ చేయొద్దు. బెలూన్ దిగకుండా, మిగిలిన ముక్క లోపలికి జారిపోయి ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లినవాళ్లున్నారు. కానీ, ఆమె కోపంలో అన్నా, "ఈ పైపు ఇంకా ఎందుకు?" అన్న ప్రశ్న సరైందే. ఐదు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పక్షవాతం కొత్తలో చాలామందికి మూత్రం మీద అదుపు పోతుంది, కొన్ని వారాల్లో చాలామందికి తిరిగొస్తుంది. డిశ్చార్జి కాయితం తీసి చూడండి. ఎప్పుడు మళ్లీ చూపించాలో, పైపు ఎప్పుడు తీసి చూడాలో అందులో రాసి ఉండొచ్చు. అది బియ్యం డబ్బా కింద మడతపడి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. పైపు ఎందుకు వేశారన్నది తెలిస్తేనే దారి తెలుస్తుంది. మూత్రం ఆగిపోయి వేశారా, ఊరికే పక్క తడుస్తోందని వేశారా?

తీసి చూద్దామంటే ఆస్పత్రిలోనే, పొద్దున పూట. బెలూన్ నీళ్లు సిరంజితో తీసి పైపు తీస్తారు. నాలుగు నుంచి ఆరు గంటలు చూస్తారు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో కొలుస్తారు. కొద్దిగా మిగిలితే పైపుతో పనిలేదు. అప్పుడు మీకు డైపర్లు, తడిబట్టలు, రాత్రి రెండుసార్లు లేవడం ఉంటాయి. ఒళ్లు ఒరుసుకోకుండా చూసుకోవాలి. అది తేలిక పని అని నేను అబద్ధం చెప్పను, ఖర్చూ ఉంది. కానీ పైపు ఉన్న ప్రతి రోజూ ఇన్‌ఫెక్షన్ దగ్గరవుతుంది. నూటికి మూడు నుంచి ఏడుగురికి చొప్పున రోజూ కొత్తగా మూత్రంలో బ్యాక్టీరియా చేరుతుందని లెక్క. నెల దాటాక దాదాపు అందరికీ ఉంటుంది.

మూత్రం లోపలే ఎక్కువగా నిలిచిపోతుంటే పైపు ఏదో ఒక రూపంలో తప్పదు. రోజుకు నాలుగైదుసార్లు సన్నటి గొట్టంతో తీసి, వెంటనే బయటికి లాగేసే పద్ధతి ఒకటుంది. ఇన్‌ఫెక్షన్ తక్కువ, కానీ ఒక మనిషి నేర్చుకుని రోజూ చేయాలి. ఆ మనిషి ఎవరో మనిద్దరికీ తెలుసు. పగలంతా ఆసు ముందు కూర్చునే మీ మీద ఇంకో పని మోపాలని నాకు లేదు. ఎక్కువ కాలం కావాలంటే బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి వేసే పైపు ఉంది. దారి మీద ఒత్తిడి ఉండదు, మార్చడం, శుభ్రం చేయడం కొంత సుఖం. మొదటిసారి వేయడం మాత్రం యూరాలజీ డాక్టరు పని. లేదంటే ఇప్పుడున్న పద్ధతే, కానీ సరిగ్గా.

సరిగ్గా అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది రంగు కాదు, "లావు పైపు" అన్న మాట.

పైపు రెండు పాయలుగా చీలే చోట చూడండి. ఒక పాయ సంచికి పోతుంది, రెండోదాని కొసన రంగు రంగు మూత ఉంటుంది, దాని మీద అంకెలుంటాయి. అంకెను మూడుతో భాగిస్తే పైపు లావు మిల్లీమీటర్లలో వస్తుంది. 16 అంటే ఐదుకు కొంచెం పైన. ఆ మూత ఆకుపచ్చగా ఉంటే 14, నారింజ అయితే 16, ఎరుపు 18, పసుపు 20. మీ అత్తగారి లాంటివాళ్లకు మామూలుగా 14, 16 చాలు. మీ పైపుకు ఏ రంగుందో చూసి రాసుకోండి.

పక్క నుంచి కారితే పైపు సన్నగా ఉందని అనుకోవడం సహజం, కానీ తప్పు. కారడానికి ఎక్కువసార్లు కారణం మూత్రాశయం పైపును ఓర్చుకోలేక బిగుసుకోవడమో, పైపు మూసుకుపోవడమో, మలం గట్టిపడి నొక్కడమో అయి ఉంటుంది. లావు పైపు వేసి, బెలూన్‌లో ఇంకొన్ని నీళ్లు పోస్తే మూత్రాశయం ఇంకా బిగుసుకుంటుంది, ఇంకా కారుతుంది. ఆడవాళ్లకు మూత్రం దారి నాలుగు సెంటీమీటర్లే. నెలల తరబడి లావు పైపు బరువు పడితే ఆ దారి సాగి, తెగి, చివరికి ఏ పైపూ నిలవని స్థితి వస్తుంది. అక్కడిదాకా రానివ్వొద్దు. మీ అత్తగారికి విరేచనం సరిచేస్తే కారడం తగ్గొచ్చు, సంచి రంగూ తగ్గొచ్చు. ఒక్క పనికి రెండు లాభాలు.

పైపు వేసేటప్పుడు జరిగే పొరపాట్లు ఇంకొన్ని ఉన్నాయి, చాలా అరుదు, అయినా మాట రాని మనిషికి తెలుసుకోవాలి. పైపు కొస మూత్రాశయం దాటి, కిడ్నీ నుంచి వచ్చే సన్నటి నాళంలోకి దూరి, బెలూన్ అక్కడ నిండిన సందర్భాలున్నాయి. అప్పుడు ఒక పక్క నడుము భరించలేని నొప్పి. పైపు మూత్రాశయానికి చిల్లు పెట్టడం ఇంకా అరుదు, కడుపు గట్టిపడి మనిషి నీరసిస్తుంది. పాత పైపు కొసకు సున్నంలా పెంకు కట్టి, తీసేటప్పుడు చీరుకుంటూ రావడం మాత్రం అంత అరుదేమీ కాదు. బెలూన్ దిగకపోవడం కూడా ఉంది, స్కాన్ చూస్తూ సూదితో గుచ్చి దింపుతారు. మాట ఉన్న మనిషి "అబ్బా" అంటుంది, చేసేవాళ్లు ఆగుతారు. మీ అత్తగారు అట్లా అనలేరు. పైపు వేసేవాళ్లు కింద చూస్తుంటారు, కాబట్టి ఆమె ముఖం చూడాల్సింది మీరు. నుదురు ముడిపడితే "ఆగండి" అనండి. అట్లా అనడానికి మీకు హక్కుంది.

ఆ ఆర్‌ఎంపీని నేను తిట్టను. రాత్రి పదకొండుకు పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే అని నాకూ తెలుసు. కానీ ఈ పని ఆయన నేర్చుకున్నది కాదు. "ఇకనుంచి ఆస్పత్రిలోనే మార్పిస్తాం" అని మర్యాదగా చెప్పండి. జ్వరానికి, బీపీ చూడటానికి పిలుస్తూనే ఉండండి. ఊళ్లో వైరం పెట్టుకుని మీరు సాధించేది లేదు.

మొదటి అడుగుకు నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి చాలు. పైపు, సంచి కొత్తవి వేయించండి. పరీక్షకు మూత్రం కొత్త పైపు వేశాకే తీయాలి, పాత సంచిలోది ఇవ్వొద్దు, అందులో ఏ బ్యాక్టీరియా అయినా కనిపిస్తుంది. మొత్తం సిలికాన్‌తో చేసిన పైపు పన్నెండు వారాల దాకా ఉంచవచ్చు. పసుపుపచ్చ రబ్బరు పైపు అయితే రెండు నుంచి నాలుగు వారాలే, నెలన్నర కాదు. జ్వరం, చలి, కడుపునొప్పి లేకపోతే ఒక్క రంగు చూసి యాంటీబయాటిక్స్ రాయకపోవచ్చు. "మందులెందుకియ్యలే" అని మీ వదినగారు గొడవ పడితే ఆ సంగతి డాక్టరు చేతనే చెప్పించండి. యూరాలజీ దాకా అవసరమైతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకెళ్లండి. మంచం పట్టినవాళ్ల ఇంటికే వచ్చి చూసే పాలియేటివ్ సేవలు రాష్ట్రంలో ఆలన పేరుతో ఉన్నాయి, మీ ఆశా కార్యకర్తను అడగండి. ఈలోగా చలి జ్వరం, ఎప్పుడూ లేని మగత, నాలుగైదు గంటలు సంచిలోకి చుక్క పడకపోవడం, రక్తం గడ్డలు కనిపిస్తే మాత్రం పొద్దు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో సంచి మంచం కోడుకు కాకుండా పట్టీకి తగిలించండి, మంచం కన్నా కిందికే ఉండాలి, నేలకు తగలొద్దు. పైపును ఎడమ తొడకు కొంచెం వదులు ఉంచి ప్లాస్టరు వేయండి. అప్పుడు ఎవరు తిప్పినా గుంజు తొడ మీద పడుతుంది, లోపల కాదు. తిప్పే ముందు సంచిని చేతిలోకి తీసుకోవడం అలవాటు చేసుకోండి. విరేచనానికి ఏ సిరప్ ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి. ఇసబ్‌గోల్ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, పక్షవాతం వచ్చినవాళ్లకు అది గొంతులో అడ్డం పడొచ్చు.

ఇక మీ వదినగారు. ఆమె మిమ్మల్ని అన్న మాట క్రూరమైన మాట. నీళ్లు కూడా తాగని స్థితికి ఊరు వచ్చిందంటే అది చిన్న నింద కాదు. కానీ ఐదు నెలలు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క మీరే రాశారు, మూడుసార్లు. తల్లి దగ్గర లేనన్న బాధ మోయలేక మీ మీద దింపుతున్నదేమో అని నా అనుమానం. అనుమానమే.

మీరు వాదించడం ఒక దారి. గెలుస్తారో లేదో గానీ ఇల్లు మాత్రం రెండవుతుంది. ఊరుకోవడం ఇంకో దారి, ఇప్పుడు మీరు చేస్తున్నదదే. ఊరుకుంటే ఒప్పుకున్నట్టని ఊరు అర్థం చేసుకుంటోంది. మూడోది, ఆమెను ఆస్పత్రికి వెంట తీసుకెళ్లడం. "వదినా, నువ్వే రా, నువ్వే అడుగు" అనండి. డాక్టరు చెప్పేది మీ నోటితో కాదు, ఆయన నోటితో ఆమె వినాలి. వీలైతే ఓపీ చీటీ మీద ఆ జబ్బు పేరు రాయించుకోండి. సంచి ఫోటో పెట్టిన అదే వాట్సాప్ గ్రూపులో ఆ చీటీ ఫోటో కూడా పెట్టండి, మీరు కాదు, మీ భర్త పెట్టాలి. ఇన్నాళ్ల మౌనానికి ఆయన చేయాల్సిన కనీసం పని అది. రానంటే ఆమె లేకుండానే వెళ్లండి, ఆమె కోసం రోజులు పొడిగించొద్దు.

తల్లిని తీసుకుపోతానంటే కాదనకండి. "తీసుకుపో, నెల రోజులు నువ్వు చూడు, కావాలంటే నేను వచ్చి పని నేర్పుతా" అనండి. నిజంగా తీసుకుపోతే మీకు నెల రోజులు నిద్ర. తీసుకుపోకపోతే ఆ మాట మళ్లీ రాదు. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి, హైదరాబాద్ ప్రయాణం కొత్త పైపు వేయించాకే.

బాణామతి మాట పెరిగి ఎవరైనా మీ మీద చెయ్యెత్తినా, ఇంట్లోంచి వెళ్లమన్నా ఇంక డాక్టరు చీటీ సరిపోదు. 181 మహిళల హెల్ప్‌లైన్. రాత్రి పూట ప్రమాదమనిపిస్తే 100. ఫోన్ చేస్తే బంధుత్వం దెబ్బతింటుందని తెలిసే చెప్తున్నాను.

ఆరో పేజీ అంచున చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాశారు. "మా అత్తకు మాట లేదు గాని ఎడమ చెయ్యి పట్టుకుంటే నా వేళ్లు నొక్కుతది." దాన్ని మీరు ఊరికే రాసుంటారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే కళ్లకు తగిలింది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు నొక్కమని నేర్పి చూడండి. రేపు ఆస్పత్రిలో పైపు మార్చేటప్పుడు ఆ చెయ్యి మీ చేతిలో ఉండాలి, నొప్పి అయితే నొక్కుతుంది. ఇంకోటి. ఆ రాత్రి గదిలో మీరొక్కరే లేరు, ఆమె కూడా ఉంది. పైపు గుంజుకున్నది, మీరు తడిబట్టతో తుడుస్తూ ఏడ్చింది ఆమెకు తెలుసు. మిమ్మల్ని తిడుతుందో లేదో ముందు ఆమెనే అడగండి.